ఆ పేరు నాదే అన్న తాత

నా చిన్నప్పుడు నేను భయపడని వస్తువు మా ఇంట్లో ఒక్కటీ లేదు. గ్యాస్ పొయ్యి అంటే భయం, నీళ్ళ ట్యాంకు మూత అంటే భయం, గాలికి కొట్టుకునే రేకు తలుపు అంటే భయం. "ఇది దాని నీడను చూసి అదే జడుసుకుంటది" అని మా అమ్మ నలుగురిలో చెప్పి నవ్వేది. అప్పుడు మేము దుబాయ్ అవతల ఖోర్ ఫక్కాన్‌లో ఉండేవాళ్ళం. ముందు సముద్రం, వెనక పచ్చని ఆకు కనిపించని నల్లటి కొండలు, మధ్యలో చిన్న ఊరు. రేవు కొత్తగా కడుతున్న రోజులవి. మా బాపు అక్కడ క్రేన్లు బాగుచేసే మెకానిక్. జగిత్యాల పక్క పల్లెల నుంచి దుబాయ్ పోయిన మావాళ్ళంతా క్యాంపుల్లో ఇరుకు గదుల్లో ఉంటే, పని తెలిసిన మనిషని కంపెనీ మా బాపుకు రెండు గదుల ఇల్లిచ్చి మమ్మల్ని తెచ్చుకోనిచ్చింది. మా ఊళ్ళో ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవారు. నాకు మాత్రం ఆ కొండలు ఏదో ఒకరోజు మా మీదికి జరుగుతాయని అనిపించేది.

కంపెనీ ఇళ్ళన్నీ ఒకే వరసలో ఉండేవి. మా పక్కింట్లో బొంబాయి కుటుంబం ఉండేది. రేవులో ఇంజనీరు, ఆయన భార్య, ఇంజనీరు తండ్రి. ఆ పెద్దాయన్ని మేము తాత అనేవాళ్ళం. అప్పటికే ఎనభై దాటిన మనిషి. బక్కపలచగా, నిటారుగా, తలమీద నల్లటి గుండ్రని టోపీతో, చేతికర్రతో ఉండేవాడు. ఆయనకు తెలుగు వచ్చు. బొంబాయి బట్టల మిల్లులో ఫిట్టరుగా పనిచేసినన్నాళ్ళూ ఆయన చుట్టూ మగ్గాల మీద ఉన్నది మా సిరిసిల్ల, జగిత్యాల వైపు వాళ్ళేనట. అందుకని ఆయన తెలుగులో మా యాస అచ్చంగా పలికేది, మధ్యమధ్య హిందీ దొర్లేది. మొదటిసారి ఆయన "ఏం బిడ్డా, మంచిగున్నవా" అని పలకరించినప్పుడు మా అమ్మకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. పరాయి దేశంలో పుట్టింటి మాట వినబడింది కదా.

వాళ్ళ ఇంటి పద్ధతులు వేరుగా ఉండేవి. శుక్రవారం పొద్దుగూకే ముందు ఆంటీ ఒక గాజు గ్లాసులో కొబ్బరినూనె పోసి వత్తి వెలిగించి, కిటికీ పరదాలు లాగేది. శనివారం వాళ్ళ పొయ్యి వెలిగేది కాదు. ముందురోజు వండి మూత పెట్టినదే తినేవారు. తాత ఆ రోజు బండి ఎక్కడు, స్విచ్చి ముట్టుకోడు. ముట్టుకోమని ఇంకొకరిని అడగకూడదట కూడా. అందుకని నేను గుమ్మంలో కనబడగానే ఎటో చూస్తూ, "ఇయ్యాల మస్తు ఉడుకపోస్తుంది" అనేవాడు. నేను పోయి ఫ్యాన్ వేసేదాన్ని. ఆయన ఇదెట్లా తిరిగిందా అన్నట్టు పైకి చూసేవాడు. మర్నాడు నాకు కొబ్బరి మిఠాయి దొరికేది.

వాళ్ళు యూదులని మా బాపు చెప్పాడు. కొంకణం ఊళ్ళలో తరతరాలుగా గానుగ ఆడించి నూనె అమ్మినవాళ్ళట. శనివారం గానుగ ఆపేస్తారు కాబట్టి ఊరివాళ్ళు వాళ్ళను శనివారపు గానుగోళ్ళు అనేవారట. ఈ మాట బయట ఎక్కడా అనొద్దని బాపు నా చెవి పట్టుకుని మరీ చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. ఎవరడిగినా బొంబాయోళ్ళు అనాలి, అంతే. నాకున్న భయాలకు ఇదొకటి తోడైంది. కొట్టుకు పోయి ఉప్పు అడిగేటప్పుడు కూడా నోరు జారి ఆ మాట అనేస్తానేమోనని పెదవులు బిగబట్టుకునేదాన్ని. నిజానికి ఆ ఊళ్ళో వాళ్ళను ఎవరైనా ఒక్క మాట అనగా నేను చూడలేదు.

అక్కడ పొద్దు కొండల వెనక్కి తొందరగా దిగిపోయేది. సాయంత్రం నీడ పడగానే తాత మడత కుర్చీ తెచ్చుకుని బయట కూర్చునేవాడు. నేనూ మా తమ్ముడూ ఆయన కాళ్ళ దగ్గర చేరేవాళ్ళం. గానుగ మొద్దు మీద కూర్చుని ఎద్దు వెనక గిరగిరా తిరిగిన సంగతులు, పదేళ్ళ వయసులో బొంబాయి వచ్చి మిల్లు కూతకు బెదిరిపోయిన సంగతులు, రేవులో ఓడ పేలినప్పుడు ఇల్లంతా గాజుపెంకులైన సంగతులు చెప్పేవాడు. భార్య పోయింది. పిల్లల్లో చాలామంది ఇజ్రాయెల్ వెళ్ళి స్థిరపడ్డారు. ఈ చిన్నకొడుకు మాత్రం తండ్రిని బొంబాయిలో ఒంటరిగా వదలలేక ఇక్కడికి తెచ్చుకున్నాడు. అంత పెద్ద సంసారానికి యజమాని మా ఇద్దరికి కథలు చెప్పుకుంటూ కూర్చున్నాడంటే ఆయనకు కాలక్షేపం ఎంత కరువో ఇప్పుడు అర్థమవుతుంది.

ఆయన చెప్పిన వాటిలో ఒక్క కథ నన్ను పట్టుకుని వదల్లేదు. ఆయన ఆరేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు వాళ్ళ ఊరికి ప్లేగు వచ్చిందట. ఈయనకూ చంకలో గడ్డ లేచింది. అప్పుడు వాళ్ళ పెద్దలు ఆయన పేరు మార్చేశారు. మరణదూత పేరు పట్టుకుని వస్తాడని వాళ్ళ నమ్మకం. గుమ్మం ముందు నిలబడి ఫలానావాడు ఉన్నాడా అని అడుగుతాడు. ఆ పేరుగలవాడు ఇక్కడ లేడంటే తిరిగి పోతాడు. తనకు పెట్టిన కొత్త పేరుకు వాళ్ళ భాషలో బతుకు అని అర్థమట. ఆ పేరుతోనే ఇన్నేళ్ళు బతికేశానని, పాత పేరేమిటో తనకే గుర్తులేదని చెప్పి కన్ను గీటేవాడు. నాలుగేళ్ళ మా తమ్ముడు ఆ కథ ఎన్నిసార్లు విన్నా నవ్వేవాడు. నాకు పదేళ్ళు. ఆ కథ విన్న దగ్గర్నుంచి మా ఇంటి తలుపు ఎవరు తట్టినా తీయడం మానేశాను.

అమ్మకు ఆ కథ వింటే వేరే గుబులు పుట్టేది. నాకూ తమ్ముడికీ మధ్య పుట్టిన మగపిల్లవాడు పురిట్లోనే పోయాడు. తరవాత తమ్ముడు పుట్టినప్పుడు మా నాయనమ్మ మా వైపు ఆనవాయితీ చేద్దామంది. పిల్లవాణ్ణి చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టి, ఎవరో పారేసిన బిడ్డను తెచ్చుకున్నట్టు మళ్ళీ తెచ్చుకుని, పెంటయ్య అని పిలుచుకోవాలి. అలాంటి పేరు పెట్టుకున్నవాణ్ణి చావు కూడా చీదరించుకుని వదిలేసి పోతుందని. బాపు ఒప్పుకోలేదు. ఈ కాలంలో ఆ పేరేమిటని, వినడానికి ముచ్చటగా ఉండే దేవుడి పేరు పెట్టాడు. ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఎందుకు రాయనో మీకే తెలుస్తుంది.

చలికాలం పోయి ఎండలు మొదలవుతున్న రోజులు. పాడైన క్రేను మోటారును లారీకెక్కించుకుని బాపు ముసఫ్ఫాలో వర్క్‌షాపుకు పోయాడు. కొండలు దాటి, ఎడారి దాటి, అబుదాబి అవతల. ఆయన పోయిన నాడే తమ్ముడికి జ్వరం వచ్చింది. అమ్మ తడిగుడ్డ వేసింది, మాత్ర నూరి పోసింది. శనివారం పొద్దున వాడు మెడ వంగడం లేదని ఏడ్చాడు. కాసేపటికి ఏడవడం కూడా మానేశాడు. తరవాత కళ్ళు పైకి తిరిగిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది.

నేను గోడకు అతుక్కుపోయాను. వాడి దగ్గరికి పోవాలని ఉంది, పోలేకపోయాను. వాడు నా తమ్ముడిలా లేడు. అమ్మ పెట్టిన కేకకు తాత వచ్చాడు, చెప్పులు కూడా లేకుండా. ఒక్క చూపు చూసి, కిరాణా కొట్టు నడిపే కాసరగోడు మలయాళీని పికప్ తెమ్మని చెప్పడానికి కోడల్ని పరుగెత్తించాడు. బండి వచ్చాక అమ్మనూ తమ్ముణ్ణీ ముందు కూర్చోబెట్టి, తను వెనక తొట్టిలోకి ఎక్కబోయాడు. ఆ రోజు శనివారమని ఆంటీ మరాఠీలో ఏదో గుర్తుచేసింది. "పానం మీదికి వచ్చినంక శనివారం ఎక్కడిది" అన్నాడు తాత, మా భాషలోనే. అమ్మకు కూడా ధైర్యం రావాలని కాబోలు. నన్ను ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలంటే నాకు అంతకన్నా భయం. ఆయన చొక్కా పట్టుకుని నేనూ ఎక్కేశాను.

చిన్న ఆసుపత్రి అది. గుమ్మం దగ్గరే కాగితం మీద తమ్ముడి పేరు రాయించుకున్నారు. ఈజిప్టు డాక్టరు వాడి తల కింద చెయ్యి పెట్టి లేపబోతే తలతోపాటు ఒళ్ళంతా కర్రలా లేచింది. మెదడుకు పట్టిన జ్వరమని, ఈ పూట గడిస్తే చెప్పగలనని ఆయన అన్న మాటను మలయాళీ నర్సు హిందీలో అమ్మకు చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేదని ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు అనిపిస్తుంది. అమ్మ గోడ పట్టుకుని నిలబడింది.

వాణ్ణి లోపలికి తోసుకుపోబోతుంటే తాత స్ట్రెచరు మీద చెయ్యి వేసి ఆపాడు. "పేరు మార్చు బిడ్డా. మీ దిక్కు గూడ ఉంటది గదా" అన్నాడు. అమ్మకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. "పెంటయ్య" అంది. ఏడుస్తూ మళ్ళీ అంది, "నా పెంటయ్య". తాత కుడిచెయ్యి వాడి నుదుటి మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి కానీ చప్పుడు బయటికి రాలేదు. తరవాత వంగి వాడి చెవిలో ఆ కొత్త పేరు చెప్పాడు. నడుము ఎత్తి నా వైపు చూసి, "ఇగ పాత పేరు ఖలాస్. సమజైందా" అన్నాడు.

సమజైంది. కావలసిన దానికన్నా ఎక్కువే సమజైంది. అమ్మ లోపలికి పోయింది. నేనూ తాతా బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. నాలుగేళ్ళుగా పొద్దున లేస్తే పిలిచిన పేరు నా నాలుక చివరే ఉంది. పొరపాటున జారితే తమ్ముడు ఉండడు. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. మనసులో అనుకున్నా దూతకు వినబడుతుందేమోనని మరో భయం. అనుకోకూడదని పట్టుబట్టినకొద్దీ లోపల అదే పేరు మోగుతోంది. నేనే వాణ్ణి చంపేస్తానని గట్టిగా నమ్మాను.

వరండా నిండా జనం. చెయ్యి తెగిన జాలరి ఒకడు, బిడ్డల్ని ఒళ్ళో వేసుకున్న బలూచీ ఆడవాళ్ళు, తెల్లని పొడుగు అంగీల్లో అరబ్బు ముసలివాళ్ళు. లోపలి తలుపు తెరుచుకుంది. నర్సు కాగితం చూసుకుంటూ వచ్చి, మా తమ్ముడి పాత పేరు గట్టిగా పిలిచింది. ఆమె తప్పేమీ లేదు. కాగితం మీద ఉన్నది అదే. వాడి తాలూకు మనిషి ఎవరో రావాలని ఆమె ఉద్దేశం. సరిగ్గా అప్పుడే వీధి తలుపు తోసుకుని పొడుగాటి మనిషి ఒకడు తెల్లబట్టల్లో లోపలికి వచ్చాడు. వెనక ఎండ ఉండటంతో ముఖం కనబడలేదు. పిలుపు విని అక్కడే ఆగాడు.

కూర్చున్నచోటే గౌను తడిసింది. నర్సు ఆ పేరు రెండోసారి పిలిచింది. ఆ పేరుగలవాడు ఇక్కడ లేడని అరవాలనుకున్నాను, నోటి మీది చేతులు తీయలేకపోయాను. తాత నా వైపు తిరిగి చూశాడు. నా చేతులు, నా గౌను, నేను చూస్తున్న ఆ మనిషి, అన్నీ చూశాడు. తరవాత కర్ర నేలకు ఆనించి మెల్లగా లేచాడు.

"నేనే" అన్నాడు. నర్సుకు అర్థం కాలేదు. "జీ సిస్టర్, మై హూ. ఆ పేరు నాదే."

నర్సు కాగితం చూసింది, ఆయన్ని చూసింది. తమాషా అనుకుని నవ్వబోయింది. తాత నవ్వలేదు. గుమ్మంలో ఉన్న మనిషి వైపు తిరిగి, నిటారుగా నిలబడి, ఆ పేరు తన పేరుగా పూర్తిగా చెప్పుకుని, ఇక్కడే ఉన్నానన్నాడు. ఆ మనిషి గుండె మీద చెయ్యి పెట్టుకుని సలాం చెప్పి, మందులిచ్చే కిటికీ వైపు తన దారిన పోయాడు. తాత నర్సు వెంట లోపలికి పోయాడు. ఆ వరండాలో ఏం జరిగిందో నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియలేదు.

సాయంత్రం అసర్ నమాజు పిలుపు వినబడే వేళకు తమ్ముడి ఒళ్ళు కుదుటపడింది. మర్నాడు బాపు వచ్చేసరికి వాడు కళ్ళు తెరిచి నీళ్ళు అడిగాడు. ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచుకున్నారు. ఒక చెవి వినికిడి పోయింది కానీ మనిషి దక్కాడు. డాక్టరు సూదులే బతికించాయని బాపు అన్నాడు, పేరు బతికించిందని అమ్మ అంది. ఆ వాదన వాళ్ళ బతుకంతా తెగలేదు. పెంటయ్య పేరు మాత్రం ఖాయమైపోయింది. బడిలో, కాలేజీలో, పెళ్ళిపత్రికలో కూడా వాడు పెంటయ్యే. ఆ పేరుకు ఇప్పటికీ సణుగుతాడు, మార్చుకోమంటే మాత్రం మాట మార్చేస్తాడు.

అందరికీ భయం పోయింది, నాకు తప్ప. నా భయం తమ్ముణ్ణి వదిలి తాత ఇంటికి మారింది. పేరు ఆయన తీసుకున్నాడు. అంటే దూత ఇక వచ్చేది ఆయన కోసమే. ఈ సంగతి ఎవరితో చెప్పుకోవాలి? పొద్దున కళ్ళు తెరవగానే పక్కింటి గుమ్మం దాకా పరుగెత్తి ఆయన దగ్గు వినబడితేనే ముఖం కడుక్కునేదాన్ని. ఆ ఊళ్ళో మగవాళ్ళు సగంమంది తెల్లబట్టలే కడతారు. వాళ్ళ ఇంటి వైపు తెల్లబట్ట కనబడితే చాలు, పోయి వాళ్ళ గుమ్మంలో అడ్డంగా కూర్చునేదాన్ని. ఒకరోజు గ్యాస్ బండలు వేసే పఠాన్ తెల్లని సల్వార్లో వచ్చి, పెద్దాయన ఉన్నాడా అని అడిగాడు. తాత లేడని, బొంబాయి పోయాడని, ఇక రాడని అబద్ధమాడాను. అతను బండతో సహా వెనక్కి పోయాడు. అది శుక్రవారం. ఆంటీ పొయ్యిలో గ్యాస్ అయిపోయి, శనివారమంతా వాళ్ళు బ్రెడ్డూ ఊరగాయతో గడిపారు. అలా ఎందుకు చెప్పావని ఆంటీ ఎంత అడిగినా నేను నోరు విప్పలేదు. తాత ఒక్కడే నన్ను అదోలా చూసి ఊరుకున్నాడు.

తరవాత కొన్నాళ్ళకు కొండల మీది నుంచి దుమ్ముగాలి వచ్చింది. తాతకు దగ్గు పట్టుకుంది. దగ్గినప్పుడల్లా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేవాడు. ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు. ఒక సాయంత్రం ఆయన ఒక్కడే బయట కూర్చుని ఉండగా పోయి, "తాతా, ఆ పేరు నాకియ్యి" అన్నాను. ఏ పేరు అని ఆయన అడగలేదు. నాకు ఇస్తే ఏం చేస్తావన్నాడు. నేనే అంటానన్నాను. నిజంగా ఇచ్చేస్తాడేమోనని భయం, ఇవ్వకపోతే పోతాడేమోనని భయం.

ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత నన్ను దగ్గరికి లాక్కుని ప్లేగు కథలో ఎన్నడూ చెప్పని భాగం చెప్పాడు. ఆయన పేరు మార్చిన రోజున, బయట ఎవరో ఆ పాత పేరు పిలిస్తే, గానుగ దగ్గర ఉన్న వాళ్ళ తాత లేచి, అది నా పేరు అన్నాడట. మరి ఆ తాత ఏమైపోయాడని ఆత్రంగా అడిగాను. "ఏమైతడు? ఇంకా ఇరవై ఏండ్లు గానుగ తిప్పిండు. నా పెండ్లిల కూసుండి రెండుసార్లు అన్నం తిన్నడు" అన్నాడు. చంటిపిల్లల పేరు ముసలివాళ్ళ మీద పనిచేయదట. తమ్ముడి చొక్కా తనకు పడుతుందా, అలాగే పేరూ పట్టదట. ఆ శనివారం తరవాత నేను మొదటిసారి నవ్వాను. అయినా పూర్తిగా నమ్మలేదని ఆయనకు తెలిసింది. తను ఎక్కడున్నా ఏడాదికొకసారి, వాళ్ళ కొత్త సంవత్సరానికి, ఉన్నానని కబురు పంపుతానని మాట ఇచ్చాడు.

రేవు పని అయిపోయాక మేము జగిత్యాల వచ్చేశాం. వాళ్ళు బొంబాయికి, అక్కడి నుంచి కొన్నేళ్ళకు ఇజ్రాయెల్‌కు పోయారు. వాళ్ళ కొత్త సంవత్సరం మా బతుకమ్మ రోజులకు కాస్త అటూఇటూగా వచ్చేది. మేము పూలు పేర్చుకునే వేళకు పోస్టుమాన్ కార్డు తెచ్చేవాడు. హిందీలో పెద్ద అక్షరాలతో ఒక్క ముక్కే ఉండేది, బేటీ, నేను ఇంకా ఉన్నాను అని. నేను నా సంగతులన్నీ జవాబుగా రాసేదాన్ని. నేను పదో తరగతి పాసైన ఏడు వచ్చింది. పెళ్ళై అత్తవారింటికి పోయిన ఏడు, తిరగరాసిన అడ్రసుతో కాస్త ఆలస్యంగా వచ్చింది. నా పెద్దకొడుకు పుట్టిన ఏడు వచ్చిన కార్డులో అక్షరాలు వణికాయి, మాట మాత్రం అదే. అప్పటికి ఆయనకు తొంభై దాటి చాలా ఏళ్ళయింది. వందకు కాస్త దూరంలో ఉండగా, నిద్రలోనే పోయాడని ఆంటీ రాసింది. ఎనిమిదిమంది పిల్లలు, మనవలు, మునిమనవలు, నిండు ఇల్లు. ఆ రోజు నేను బాగా ఏడ్చాను, కానీ భయపడలేదు. ఇంత ఆయుష్షు అనుభవించిన మనిషిని తమ్ముడి పాత పేరు ఏమీ చేయలేదని తేలిపోయింది కదా.

కొన్నేళ్ళకు ఆంటీ చుట్టాలను చూడటానికి బొంబాయి వచ్చింది. నేనూ పెంటయ్యా వెళ్ళి కలిశాం. మాటల్లో నేను ఆ ప్లేగు సంగతి ఎత్తి, పేరు తీసుకున్న ఆ గానుగ తాత ఇరవై ఏళ్ళు బతికాడట కదా అన్నాను. ఆంటీ నన్ను వింతగా చూసింది. ఎవరు చెప్పారంది. ఆయన ఆ వారంలోనే అదే ప్లేగుతో పోయాడంది. అప్పటికి ఆరేళ్ళ పిల్లవాడైన మా తాత, తన వల్లే వాళ్ళ తాత పోయాడని ఎన్నేళ్ళో తిండి సయించక, రాత్రిళ్ళు ఉలిక్కిపడుతూ పెరిగాడట. ఈ మాట భార్యకు కూడా చెప్పలేదు. చివరి రోజుల్లో కోడలికి చెప్పుకున్నాడు.

అప్పుడు ఆంటీ ఇంకో సంగతి చెప్పింది. పెద్దాయన ఖోర్ ఫక్కాన్ వదిలినప్పటి నుంచీ ఒంటిని కాపాడుకోవడంలో అందరి ప్రాణాలూ తోడేశాడని నవ్వింది. తీపి మానేశాడు. చలి ఉన్నా గాలి ఉన్నా పొద్దున నడకకు పోవాల్సిందే. జబ్బు చేస్తే, ఇంకో ఏడాది అయినా ఉండాలి, ఆ పిల్లకు పరీక్షలున్నాయి అనేవాడట. ఇంకోసారి పెళ్ళి ఉంది అనేవాడట. ఇంకోసారి, పచ్చి బాలింతరాలు, ఇప్పుడు నేను పోకూడదు అన్నాడట. నీకోసమే బతుకుతున్నట్టు ఉండేదమ్మా అని ఆంటీ వేళాకోళంగా అంది. నేను తల ఎత్తలేకపోయాను. పెంటయ్య వినబడే చెవి ఇటు తిప్పి అంతా విన్నాడు, చొక్కాచేత్తో ముఖం తుడుచుకున్నాడు.

ఆ వరండాలో భయపడింది నేనొక్కదాన్నే అని అన్నేళ్ళూ అనుకున్నాను. కర్ర ఆనించి లేచిన ఆ మనిషికి, అలా లేచినవాళ్ళకు ఏమవుతుందో కళ్ళారా చూసిన జ్ఞాపకం ఉంది. ఆయన నాకన్నా ఎక్కువ భయపడి ఉండాలి. అయినా లేచాడు. లేచి, ఆ తరవాత బతికి చూపించడం కూడా తన పనే అనుకున్నాడు. నేను మిగిలిన బతుకంతా మోయాల్సిన బరువును నా మీద పడకుండా ఏటికేడు తన ఒంటితో ఆపాడు.

ఇప్పుడు నేనే నాయనమ్మను. పిరికితనం పోలేదు, ఈ వయసులో ఇక పోదు కూడా. పోయిన ఏడు మా మనవరాలు బొమ్మ దగ్గర అలిగి, కోపంలో నన్ను చచ్చిపో అంది. ఆ మర్నాడే నాకు గుండెనొప్పి వచ్చి ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను తిరిగొచ్చేసరికి ఆ ఆరేళ్ళ పిల్ల మంచం కింద దూరి ఉంది, ఎవరు పిలిచినా రాలేదు. దాని కళ్ళు చూడగానే నాకు అంతా అర్థమైంది. అలాంటిదేమీ లేదు, పిచ్చిపిల్లా అని నేను అనలేదు. అంటే వినదని నాకు తెలుసు. అప్పటి నుంచి చేదు మాత్రలు వేళకు వేసుకుంటున్నాను. ఉప్పు తగ్గించాను. కాళ్ళు లాగుతున్నా పొద్దున నడుస్తున్నాను. ఆ పిల్ల రోజూ బడికి పోయే ముందు నా గదిలోకి తొంగిచూస్తుంది. అది చూసే వేళకు నేను లేచి, జడ వేసుకుని, కూర్చుని ఉంటాను.